కత్తెర కడిగే పనికి తల దించొద్దు, కళ్ళు మూసుకుని చేరొద్దు



పత్తి తీత అయిపోతుంది. మిరప కోతలు కూడా అయిపోతాయి. గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పని కొన్నాళ్ళు దొరుకుతుంది, ఆ తర్వాత అదీ ఉండదు. పల్నాటి తండాల్లోనూ, ఒంగోలు, చీరాల చుట్టుపక్కల యానాది, ఎరుకల కాలనీల్లోనూ ఏటా ఎండాకాలం వచ్చేసరికి పది చదివిన పిల్లలు, ఇంటర్ మధ్యలో ఆపేసిన పిల్లలు ఫోన్లు పట్టుకుని పని వెతుకుతుంటారు. అప్పుడు వాట్సాప్‌లో తిరిగే ప్రకటనల్లో ఒకటి ఇది: ఆస్పత్రిలో ఓటీ హెల్పర్లు కావలెను, పది చాలు, అనుభవం అక్కర్లేదు.

ఓటీ హెల్పర్ అంటే ఏం పనో ఆ ప్రకటనలో రాయరు. చేరాక తెలుస్తుంది. ఆపరేషన్ అయ్యాక నెత్తురు అంటిన కత్తెరలు, ఫోర్సెప్స్, క్లాంపులు కడగడం, ఆరబెట్టడం, సెట్లు కట్టడం, ఆటోక్లేవ్‌లో పెట్టి తీయడం. పెద్ద ఆస్పత్రుల్లో దీనికి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది, సీఎస్‌ఎస్‌డీ అంటారు. చిన్న నర్సింగ్ హోముల్లో థియేటర్ పక్కన ఒక సింకు, ఒక ఆటోక్లేవ్, అంతే.

ఈ పని గురించి మన ఇళ్ళలో రెండు మాటలు వినపడతాయి. మొదటిది పెద్దవాళ్ళది: నెత్తురు కడగడానికా నిన్ను చదివించింది? రెండోది ఏజెంటుది: అంట్లు తోమినట్టే, దాన్లో ఏముంది, రేపే రా. ఈ రెండూ తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. ఇది తలదించుకోవాల్సిన పని కాదు, అంట్లు తోమే పని అంతకన్నా కాదు. ఆపరేషన్ చేయించుకున్న మనిషి బతికి ఇంటికి వెళ్తాడా లేదా అన్నది కొంత మేర ఈ గదిలోనే తేలుతుంది. అందుకే దీంట్లో చేరేవాళ్ళు తెలుసుకుని చేరాలి, అడగాల్సినవి అడిగి చేరాలి.

ఆ గదిలో జరిగేది ఇదీ

ఆపరేషన్ అయిన వెంటనే పరికరాల మీద నెత్తురు ఎండిపోకుండా చూడాలి. ఎండితే వదలదు. ముందు చన్నీళ్ళే వాడాలి, వేడి నీళ్ళు కాదు. నెత్తురు మరక మీద వేడి నీళ్ళు పోస్తే అది గుడ్డకు ఇంకా పట్టేస్తుందని మన అమ్మలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇనుము మీదా అంతే. ఆ తర్వాత ఎంజైమ్ కలిపిన ద్రావణంలో నానబెట్టాలి. నీళ్ళలో ముంచి ఉంచే బ్రష్ చేయాలి, లేకపోతే తుంపర కళ్ళలో పడుతుంది. ఫోర్సెప్స్ నోరు తెరిచి, కీలు సందుల్లో, పళ్ళ మధ్య రుద్దాలి. సన్నని గొట్టాల్లాంటి పరికరాలుంటే లోపలి దాకా బ్రష్ దూర్చాలి.

ఎందుకింత జాగ్రత్త? ఆవిరి తగిలిన చోటే క్రిమి చస్తుంది. నెత్తురు గడ్డ కింద దాక్కున్న క్రిమికి ఆవిరి అందదు. శుభ్రం చేయని పరికరాన్ని ఎంతసేపు ఆటోక్లేవ్‌లో ఉంచినా అది స్టెరైల్ అయిందని నమ్మలేం. అంటే యంత్రం కన్నా ముందు పని చేసేది మీ చెయ్యి.

ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదే. 1879లో ఫ్రాన్స్‌లో పాశ్చర్ దగ్గర పని చేసిన చాంబర్లాండ్ దాన్ని తయారు చేశాడు. మామూలుగా 15 పౌండ్ల ఒత్తిడిలో 121 డిగ్రీల వేడి వస్తుంది. ఆ వేడిలో 15 నిమిషాలు తగ్గకుండా, మూట కట్టిన సెట్లయితే ఇంకా ఎక్కువసేపు ఉంచాలి. లోపలి గాలిని యంత్రమే లాగేసే కొత్త రకాల్లో 134 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాల్లో అవుతుంది. ఇక్కడ గాలే అసలు శత్రువు. లోపల గాలి మిగిలితే ఆ చోటికి ఆవిరి వెళ్ళదు. కాబట్టి టిక్కీలో మిరపకాయలు తొక్కినట్టు ఆటోక్లేవ్‌లో మూటలు తొక్కకూడదు. సందు వదిలి పేర్చాలి.

బయటికి తీశాక మూట తడిగా ఉంటే ఆ సెట్టు పనికిరాదు. కల్లంలో కాయ సరిగ్గా ఎండకుండా బస్తాకెత్తితే ఏమవుతుందో మీకు తెలుసు, బూజు పడుతుంది. తడి మూట కూడా అంతే, తడిసిన గుడ్డలోంచి క్రిములు లోపలికి దిగుతాయి. మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే.

మూట మీద అంటించే టేపు మీద నల్లటి గీతలు వస్తే అంతా అయిపోయిందని చాలా చోట్ల అనుకుంటారు. ఆ టేపు చెప్పేది ఒక్కటే, ఈ మూట వేడి లోపలికి వెళ్ళొచ్చిందని. లోపలి క్రిములు చచ్చాయని అది చెప్పదు. అందుకోసం మూట లోపల పెట్టే ఇండికేటర్ వేరే ఉంటుంది. వేడికి అంత తేలిగ్గా చావని ఒక రకం బ్యాక్టీరియా బీజాలను చిన్న సీసాలో పెట్టి, సైకిల్ నడిపి, ఆ తర్వాత అవి చచ్చాయో లేదో చూసే పరీక్ష ఇంకొకటి. రోజూ పొద్దున్నే ఖాళీ యంత్రంలో గాలి పూర్తిగా పోతోందా లేదా అని చూసే బౌవీ-డిక్ పరీక్ష ఒకటి. ఇవన్నీ రిజిస్టర్‌లో రాయాలి: ఏ తేదీ, ఎన్నో లోడు, ఎంత వేడి, ఎంతసేపు, ఏ సెట్లు, ఎవరు పెట్టారు.

ఇప్పుడు చెప్పండి, ఇది అంట్లు తోమడమా? దీనికి కళ్ళు కావాలి, ఓపిక కావాలి, రాత కావాలి. కుప్పలోంచి తాలు కాయను ఏరే కళ్ళు మనవాళ్ళకున్నాయి. ఫోర్సెప్స్ కీలులో తుప్పు చుక్కనూ కత్తెర అంచున చిన్న పగులునూ పట్టుకోవడానికి కావాల్సింది అలాంటి కళ్ళే. కాకపోతే నేర్పాలి. నేర్పకుండా రేపే వచ్చి చెయ్యమంటే అది మీ మీద పెట్టే ప్రమాదం, రోగి మీద పెట్టే ప్రమాదం కూడా.

తప్పు జరిగితే ఆ బల్ల మీద ఉండేది ఎవరు?

2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపులు పెట్టారు. ఒక్క క్యాంపులోనే 83 మంది ఆడవాళ్ళకు కొన్ని గంటల్లో ఆపరేషన్లు చేసేశారు. ఆ వారం క్యాంపుల్లో ఆపరేషన్ చేయించుకున్న 13 మంది చనిపోయారు. వాళ్ళలో బైగా ఆదివాసీ మహిళ కూడా ఉంది. ముందు మాత్రల్లో విషం కలిసిందన్నారు, తర్వాత ఇన్ఫెక్షన్ అన్నారు. వాదనలు ఎలా ఉన్నా ఒక లెక్క మాత్రం మనమే వేసుకోవచ్చు. లాపరోస్కోపును మనిషికీ మనిషికీ మధ్య మందు ద్రావణంలో దాదాపు 20 నిమిషాలు నాననివ్వాలి. చేతిలో ఒక్క పరికరమే ఉంటే 83 మందికి నానబెట్టడానికే 27 గంటలు దాటుతుంది. అందుకే ఒక బృందం రోజుకు 30 మందికి మించి చేయకూడదని, దానికి కూడా మూడు లాపరోస్కోపులు ఉండాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లో రాసి ఉంది. కాగితం మీద ఉన్న ఆ లెక్కను ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

2016 సెప్టెంబర్‌లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి క్యాంపులను మూడేళ్ళలో ఆపేయాలని చెప్పింది. ఆరేళ్ళ తర్వాత, 2022 ఆగస్టు 25న మన పక్కనే, హైదరాబాద్ దగ్గర ఇబ్రహీంపట్నంలో ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు.

ఇలాంటి క్యాంపులకు వెళ్ళేది ఎవరు? డబ్బున్నవాళ్ళు వెళ్ళరు. మన అక్కలు, మన వదినలు వెళ్తారు. శుభ్రం కాని పరికరం ముందుగా తగిలేది పేదవాళ్ళ ఒంటికే. అందుకే పరికరాలు కడిగే గది ఆదివాసీ హక్కుల విషయం కాదనుకోకండి. జల్, జంగల్, జమీన్ అంటాం కదా, మన ఒళ్ళు కూడా ఆ లెక్కలోదే.

మన ఊళ్ళ సంగతీ చూడండి. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో చికిత్సలో ఉన్న పది రోజుల పసిబిడ్డను ఎలుకలు కొరికాయి, ఆ బిడ్డ చనిపోయాడు. దేశమంతా ఉలిక్కిపడింది. ఏడాది తిరక్కుండా, 2016 మే నెలలో, అదే ఆస్పత్రిలో గుండె మార్పిడి ఆపరేషన్ జరిగింది. గొప్ప డాక్టర్లు ఉంటే గుండె మార్చగలరు. కానీ శుభ్రం చేసే మనుషుల మీద, వాళ్ళ శిక్షణ మీద, వాళ్ళ జీతాల మీద శ్రద్ధ పెట్టకపోతే అదే ఆవరణలో పసిబిడ్డను ఎలుకల నుంచి కాపాడలేరు. ఆస్పత్రి నిలబడేది పై మెట్టు మీద ఉన్నవాళ్ళ వల్ల మాత్రమే కాదు.

రిజిస్టర్ ఎవరి చేతిలో ఉండాలి?

ఈ మాట ముఖ్యంగా ఎరుకల పిల్లల కోసం. మిగతావాళ్ళూ వినండి.

1871లో తెల్లదొరలు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి మన ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే, సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టి నడిపించారు. అక్కడ మనిషికి హాజరు, చీటీ లేకుండా బయటికి పోవడానికి వీల్లేదు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి చౌక కూలీలు ఆ సెటిల్‌మెంట్ నుంచే దొరికారు. 1952లో చట్టం పోయింది. ముద్ర పోయిందా? అది మీకే తెలుసు.

పరికరాల గదిలో ప్రతిదీ లెక్కే. సెట్టులో ఎన్ని ఆర్టరీ ఫోర్సెప్స్, ఎన్ని కత్తెరలు, ఎన్ని టవల్ క్లిప్పులు అన్నది రాసి ఉంటుంది. థియేటర్‌లోంచి వచ్చేటప్పుడు ఒకటి తగ్గితే అది ఎక్కడుందో తేల్చాలి, ఎందుకంటే అది రోగి కడుపులో ఉండిపోయే ప్రమాదం ఉంది. కానీ అలా ఒక పరికరం తగ్గిన రోజున ముందుగా ఎవరి వైపు చూస్తారు? ఊరి పేరు స్టువర్టుపురం అని చెప్పిన కుర్రాడి వైపు. ఇంటిపేరు చూసి, కాలనీ పేరు చూసి అనుమానపడేవాళ్ళు ఆస్పత్రుల్లోనూ ఉంటారు.

కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. థియేటర్ నుంచి ట్రే మీ చేతికి వచ్చేటప్పుడు, ఇచ్చేవాళ్ళ ముందే లెక్కపెట్టండి. తగ్గితే తగ్గిందని అక్కడే రాయించండి, వాళ్ళ సంతకం తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. తర్వాత చూద్దాంలే అంటే ఒప్పుకోవద్దు. ఇది నియమం ప్రకారం చేయాల్సిన పనే, మీరు కొత్తగా అడుగుతున్నదేమీ కాదు. ఒకప్పుడు మన తాతలను కట్టేయడానికి రిజిస్టర్ వాడారు. ఇప్పుడు ఆ రిజిస్టర్ మీరు రాయండి. అందులో మీ సంతకం మీద మీ పరువు నిలబడుతుంది.

అయినా ఎవరైనా నలుగురిలో కులం పేరు పెట్టి దొంగ అంటే అది నోరు జారడం కాదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ సమయంలో అక్కడ ఎవరెవరున్నారో ఆ రోజే రాసిపెట్టుకోండి.

మీ ఒంటికి వచ్చే ప్రమాదాలు

సూది, బ్లేడు: ట్రేలో పరికరాల కింద ఎవరో వదిలేసిన సూది ఉంటుంది. చెయ్యి పెడితే గుచ్చుకుంటుంది. హెపటైటిస్ బి ఉన్న మనిషి నెత్తురైతే, టీకా లేనివాళ్ళకు అంటుకునే అవకాశం చాలా ఎక్కువ, వంద మందిలో 30 మంది దాకా. హెచ్‌ఐవీ అలా అంటుకునేది వెయ్యి మందిలో ముగ్గురికి. అంటే మొదట భయపడాల్సింది హెపటైటిస్ బికి, దానికి టీకా ఉంది. మూడు డోసులు: మొదటిది చేరిన రోజు, రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఆస్పత్రి వ్యర్థాలు ముట్టుకునే ప్రతి మనిషికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాల్సింది ఆస్పత్రే. చేరేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి ఆరోగ్య పరీక్షలు చేయించాలి, శిక్షణ ఇవ్వాలి. నువ్వు కాంట్రాక్టరు మనిషివి, మాకు సంబంధం లేదంటే కుదరదు.

గుచ్చుకుంటే ఏం చేయాలి? సబ్బుతో, పారే నీళ్ళలో కడగండి. పిండకండి, నోట్లో పెట్టుకోకండి. వెంటనే నర్సుకో డాక్టరుకో చెప్పి రాయించండి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. 28 రోజులు వాడాలి. తిడతారేమో, పనిలోంచి తీసేస్తారేమో అని దాచుకోవద్దు. దాచుకుంటే నష్టపోయేది మీరే.

రసాయనాలు: పరికరాలు నానబెట్టే గ్లూటరాల్డిహైడ్ కళ్ళు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది, కొందరికి ఉబ్బసం తెస్తుంది. మూత లేని టబ్బులో, కిటికీ లేని గదిలో అది వాడకూడదు. మిరప కల్లంలో ఘాటుకు అలవాటు పడ్డాం కదా, ఇదెంత అనుకోకండి. ఇది అలవాటయ్యే ఘాటు కాదు.

ఇటీఓ గ్యాసు: వేడి తట్టుకోలేని ప్లాస్టిక్ పరికరాలకు వాడే ఇథిలీన్ ఆక్సైడ్ ఇది. క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు దీని దగ్గర అసలు పని చేయకూడదు. దీని వాసన మీకు తెలిసేసరికే అది ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువైపోయి ఉంటుంది. వాసన రావట్లేదు కదా, పర్లేదులే అనుకోవడానికి లేదు. గాలి బయటికి పోయే ఏర్పాటు, లీకు చూసే మీటరు ఉన్నాయో లేదో అడగండి.

చేతికి మందపాటి గ్లోవ్స్, నీళ్ళు దిగని ఏప్రాన్, కళ్ళద్దాలు, మూసిన చెప్పులు. పలచటి పరీక్ష గ్లోవ్స్ ఈ పనికి సరిపోవు. హవాయి చెప్పులతో ఆ గదిలోకి వెళ్ళొద్దు.

కాగితం మీద మీరెవరు?

మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. చేసే పని స్టెరిలైజేషన్, కాగితం మీద మాత్రం స్వీపర్ అనో శానిటేషన్ వర్కర్ అనో హౌస్ కీపింగ్ అనో ఉంటుంది. పేరులో ఏముందిలే అనుకోకండి. మూడేళ్ళు ఆటోక్లేవ్ నడిపినా మీ అనుభవ పత్రంలో ఊడ్చే పని అని ఉంటే, రేపు టెక్నీషియన్ ఉద్యోగానికి ఆ మూడేళ్ళు లెక్కలోకి రావు. ఊడ్చే పని తక్కువదని కాదు. చేసిన పని పేరు దక్కాలి, ఆ పనికి తగ్గ జీతం దక్కాలి అంటున్నాం.

ఏజెన్సీ వాళ్ళు చేర్చుకోవడానికి డబ్బు అడిగితే ఇవ్వొద్దు. మిరప ముఠాలో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనల్ని కట్టేస్తాడు. ఇక్కడ మన దగ్గరే అడ్వాన్సు తీసుకుని కట్టేస్తారు. రెండూ ఉరితాళ్ళే.

చేరేటప్పుడు కాగితం అడగండి. నెల జీతం ఎంత, పీఎఫ్ కోత ఎంత, ఈఎస్‌ఐ ఉందా అన్నవి అందులో ఉండాలి. పీఎఫ్ కింద మీ నుంచి 12 శాతం కోస్తే యజమాని కూడా అంతే వేయాలి. ఈఎస్‌ఐకి మీ నుంచి కోసేది 0.75 శాతమే, యజమాని వేసేది 3.25 శాతం. రెండు వాటాలూ మీ జీతంలోంచే కోసేవాళ్ళు ఉన్నారు, స్లిప్పు చూడండి. మీ యూఏఎన్ నంబరు మీ ఫోన్ నంబరుతోనే తెరవాలి, సూపర్‌వైజర్ నంబరుతో కాదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొట్టి పోతే ఇవ్వాల్సిన బాధ్యత అతన్ని పెట్టుకున్న ఆస్పత్రిదే. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉన్న ఈ సూత్రం కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది.

ఇక రిజర్వేషన్. మన రాష్ట్రంలో ఎస్టీలకు 6 శాతం. వంద పోస్టుల రోస్టర్‌లో మన మొదటి పాయింటు 8, ఆ తర్వాత 25, 33 అలా వెళ్తుంది. ఇందులో కిటుకు అర్థం చేసుకోండి. ఒక ఆస్పత్రి ఐదు పోస్టులకే ప్రకటన ఇచ్చి, మళ్ళీ వచ్చే ఏడాది ఇంకో ఐదింటికి ఇచ్చి, ప్రతిసారీ ఒకటో పాయింటు నుంచే లెక్క మొదలుపెడితే ఎనిమిదో పాయింటు ఎప్పటికీ రాదు. మనకు ఒక్క పోస్టూ రాదు. రోస్టర్ కొనసాగాలి, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే. ఔట్‌సోర్సింగ్ పోస్టుల కోసం 2020లో ఆప్కాస్ పెట్టినప్పుడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సగం ఉద్యోగాలు, మొత్తంలో మహిళలకు సగం అని ప్రభుత్వమే ప్రకటించింది. మరి ప్రైవేటు ఏజెన్సీకి టెండరు ఇచ్చిన పనుల్లో ఆ లెక్క ఏమైంది? 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగొచ్చు. గుంటూరు జీజీహెచ్‌లోనూ, ఒంగోలు జీజీహెచ్‌లోనూ, జిల్లా, ఏరియా ఆస్పత్రుల్లోనూ స్టెరిలైజేషన్ పనిలో ఎంతమంది ఉన్నారు, ఎవరి కింద ఉన్నారు, వాళ్ళలో ఎస్టీలు ఎంతమంది, ఎంతమందికి టీకా మూడు డోసులు పడ్డాయి? నాలుగే ప్రశ్నలు. మీ మండలంలో ఒకరు అడిగినా చాలు.

ఇంకో మాట. మనం ఉన్నది మైదాన ప్రాంతం. ఐదో షెడ్యూల్ మన ఊళ్ళకు వర్తించదు. శ్రీశైలం ఐటీడీఏ చెంచుల కోసం ఉంది, యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ ఉంది. పల్నాటి సుగాలి తండాకూ, బాపట్ల ఎరుకల కాలనీకీ అలా వచ్చి శిక్షణ ఇప్పించే ఆఫీసు దగ్గర్లో కనపడదు. 2011 లెక్కల్లో పాత గుంటూరు జిల్లాలో నూటికి ఐదుగురు, ప్రకాశంలో నూటికి నలుగురికి పైగా మనవాళ్ళమే. కానీ ఊరికి నాలుగిళ్ళుగా చెదిరి ఉన్నాం కాబట్టి లెక్కలో ఉన్నా కంటికి కనపడం. అడక్కపోతే ఎవరూ పిలవరు.

ఇందుకేనా కొట్లాడింది?

ఉద్యమంలో పెద్దలు కొందరు కోపంగా అడుగుతారు. డాక్టర్లు, కలెక్టర్లు కావాల్సిన పిల్లలకు నెత్తురు కడిగే పని చూపిస్తారా? ఈ కోపం న్యాయమైందే. ఆస్పత్రిలో ఏ పని ఎవరు చేస్తున్నారో ఒక్కసారి చూడండి. పై నుంచి కిందికి దిగేకొద్దీ కులం కనపడుతుంది. కింది మెట్టు మనకు, పై మెట్టు వాళ్ళకు అని ఎవరో ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. ఆ రాతను మనమే ఒప్పుకుంటే ఉద్యమం ఎందుకు?

కానీ ఆకలి కూడా నిజం. కోతలు లేని నెలల్లో అప్పు తెచ్చుకుని, ఆ అప్పు తీర్చడానికి ఇటుక బట్టీకో రొయ్యల చెరువుకో కుటుంబమంతా పోయి చిక్కుకున్న యానాదుల కథలు మనకు తెలుసు. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976 నుంచి ఉన్నా ఆ కథలు ఆగలేదు. నెలనెలా జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ వచ్చే పని ఆ ఉచ్చులోంచి బయటపడే దారుల్లో ఒకటి. దాన్ని అవమానమని వదిలేస్తే ఉచ్చు వేసేవాడికే లాభం.

కాబట్టి మా మాట ఇది. ఈ పనిని మెట్టుగా తీసుకోండి, అడుగుగా కాదు. అడుగున కూర్చోబెట్టాలని చూస్తే ఒప్పుకోవద్దు. సీఎస్‌ఎస్‌డీ టెక్నీషియన్, ఓటీ టెక్నీషియన్ కోర్సులు ఉన్నాయి. ఇంటర్ ఆగిపోయినవాళ్ళు ఓపెన్ స్కూల్లో పూర్తి చేసుకోవచ్చు. ఇంటర్ ఉన్న చెల్లెళ్ళకు జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ దారి ఉంది. చదువు ఆగని పిల్లలను ఈ పనికి పంపకండి, వాళ్ళను చదవనివ్వండి. ఆగిపోయినవాళ్ళు ఈ పనిలో చేరి, జీతం తీసుకుంటూ పై మెట్టు వైపు చూడండి. చేరి రెండేళ్ళయినా ఎవరూ కొత్త పని నేర్పకపోతే, పోస్టు పేరు మారకపోతే, అక్కడ మిమ్మల్ని ఎదగనివ్వట్లేదని అర్థం. అప్పటికి వేరే ఆస్పత్రి చూసుకోండి.

మనం అడిగేవి

ప్రభుత్వాన్ని అడుగుతున్నాం:

1. పరికరాల స్టెరిలైజేషన్‌ను ఊడ్చే, కడిగే టెండర్లలో కలపొద్దు. దానికి వేరే పోస్టు, వేరే పేరు, వేరే జీతం ఉండాలి.

2. శిక్షణ లేకుండా ఎవరినీ ఆ గదిలో పెట్టొద్దు. శిక్షణ కాలానికి జీతం ఇవ్వాలి.

3. మొదటి డోసు టీకా వేసి, రక్షణ సామగ్రి ఇచ్చాకే పనిలో పెట్టాలి.

4. ఔట్‌సోర్సింగ్‌లోనూ ఎస్టీ రోస్టర్ ఆగిన చోటి నుంచే కొనసాగాలి. ఆ వివరాలు ఆస్పత్రి నోటీసు బోర్డు మీద పెట్టాలి.

5. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మైదాన ప్రాంత ఆదివాసీ యువతకు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనే, హాస్టల్ వసతితో టెక్నీషియన్ శిక్షణ ఇవ్వాలి.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. గుంటూరు కొత్తపేటలోనో నరసరావుపేటలోనో ఒంగోల్లోనో ఈ పనిలో ఉన్న అన్నలు, అక్కలు మన పేజీకి రాయండి. పేర్లు బయట పెట్టం. మీ పోస్టు పేరేంటి, టీకా పడిందా, స్లిప్పు ఇస్తున్నారా, ఈ మూడు చెప్తే చాలు. ఇరవై మంది చెప్తే అది ఒక లెక్క అవుతుంది. రెండు వందల మంది చెప్తే దాన్ని పట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చోవచ్చు. కొత్తగా చేరబోయేవాళ్ళు ఒంటరిగా వెళ్ళకండి. అడిగే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, తోడుగా ఇంకొకరిని తీసుకుని వెళ్ళండి. ప్రశ్నలకు జవాబు చెప్పే చోట చేరండి. ప్రశ్న అడిగినందుకే పొమ్మన్నారంటే, ఆ ఆస్పత్రి గురించి తెలుసుకోవాల్సింది అక్కడే తెలిసిపోయినట్టు.

జోహార్. జై ఆదివాసీ, జై భీమ్.